క్రీమ్ సూప్‌లో క్రీమ్ పాలెంత?

హోటల్లో తాగిన టమాటా సూప్ ఇంట్లో ఎందుకు కుదరదు? అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే: క్రీమ్ ఇంకాస్త పోయాలి. ఆ మాట నమ్మి ప్యాకెట్ మొత్తం ఒంపితే సూప్ తెల్లబడుతుంది, నాలుకకు జిడ్డు తగులుతుంది, టమాటా వాసన వెనక్కి పోతుంది. హోటల్ రుచి మాత్రం రాదు. ఇంకొందరు అందులో ఏదో రహస్య దినుసు ఉందంటారు. టేస్టింగ్ సాల్ట్ అని ఒకరు, బీట్‌రూట్ అని ఒకరు, చీజ్ అని మరొకరు. ఒక్కో జవాబులో కొంత నిజం ఉంది. అన్నీ కలిపినా పూర్తి నిజం కాదు.

మన ఊళ్లలో రెస్టారెంట్ మెనూ తెరిస్తే సూప్‌ల పేజీలో రెండు వంశాలు కనిపిస్తాయి. చైనా పేరు పెట్టుకున్న మంచౌ, హాట్ అండ్ సార్, స్వీట్ కార్న్ ఒక వంశం. వాటి చిక్కదనం కార్న్‌ఫ్లోర్‌ది, అది దాచిన సంగతేమీ కాదు, ఇంట్లో చేసుకోవడమూ తేలికే. రెండోది ఫ్రెంచి వంశం: క్రీమ్ ఆఫ్ టమాటా, క్రీమ్ ఆఫ్ మష్రూమ్, ఎక్కడైనా బ్రోకలీ. ఇంటివాళ్ల చేతికి అందకుండా తిరిగేది ఈ రెండో వంశమే. దీన్ని చిక్కబరిచే పద్ధతులు ఐదారున్నాయి, ఒక్కోదాని వెనుక ఒక్కో వంటశాల చరిత్ర ఉంది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు గట్టిగా అనిపించేది ఇది: ఏం వేయాలన్న వాదన చాలా జరిగింది, ఏది ఎప్పుడు చేయాలన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. హోటల్ వంటవాడి బలమంతా ఆ రెండోదాంట్లో ఉంది.

ముందు అసలు ‘మీగడలా ఉంది’ అని నోటికి ఎందుకు అనిపిస్తుందో చూద్దాం. దానికి రెండు కావాలి. ద్రవం నాలుక మీద నెమ్మదిగా జారాలి, అది చిక్కదనం. జారేటప్పుడు ఎక్కడా నలుసు తగలకూడదు, అది నునుపు. పాలలోని కొవ్వు బిందువులు సగటున మూడు నాలుగు మైక్రాన్లు ఉంటాయి, నాలుక వాటిని విడివిడిగా పట్టుకోలేదు. చాక్లెట్ చేసేవాళ్లు కోకోను, చక్కెరను 20, 30 మైక్రాన్ల దాకా నూరుతారు. అంతకన్నా ముతకగా ఉంటే తిన్నవాళ్లు ఇసుకలా ఉందంటారు. మిక్సీలో తిప్పిన టమాటా తొక్క ముక్క దీనికి ఎన్నో రెట్లు పెద్దది. దాని మీద ఎంత క్రీమ్ పోసినా ఆ ముక్క కరగదు, క్రీమ్ మధ్యలో నలుసై తేలుతూనే ఉంటుంది. ఇంటి సూప్ చిక్కగా ఉండి కూడా మీగడలా లేకపోవడానికి మొదటి కారణం ఇదే. మనం చిక్కదనం మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా నునుపు మీద పెట్టం.

ఈ వంశానికి శాస్త్రం రాసినవాళ్లు ఫ్రెంచివాళ్లు. 1903లో ఒగూస్త్ ఎస్కోఫియే ప్రచురించిన ‘లె గీద్ క్యులినేర్’లో చిక్కటి సూప్‌లకు వరుస ఉంది. కూరగాయను ఉడికించి మెదిపి, బియ్యంతోనో రొట్టెతోనో పప్పుతోనో నిలబెట్టేవి ప్యూరేలు. వెన్నలో వేయించిన పిండి, ఎముకల రసం కలిపి, చివర్న గుడ్డు పచ్చసొన, క్రీమ్ చేర్చేవి వెలూతేలు. అదే పిండిని పాలతో కాచి బెషమెల్ చేసి, పచ్చసొన లేకుండా ఒట్టి క్రీమ్‌తో ముగించేవి క్రీమ్ సూప్‌లు. గమనించండి, మూడింటిలోనూ ఒంటిని నిలబెట్టేది పిండి పదార్థమే. క్రీమ్ వచ్చేది వంట దాదాపు అయిపోయాక.

ఈ విభజన మన దేశానికి హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల ద్వారా వచ్చింది. ఇంగ్లండులో 1962లో వచ్చిన సెసరాని, కింటన్‌ల ‘ప్రాక్టికల్ కుకరీ’, మన దగ్గర బొంబాయి కేటరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ థంగం ఫిలిప్ 1960లలో రాసిన ‘మోడర్న్ కుకరీ’ తరతరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు. పలచటి సూప్‌లు, చిక్కటి సూప్‌లు, చిక్కటి వాటిలో ప్యూరే, క్రీమ్, వెలూతే, బిస్క్ అని పరీక్షకు వల్లెవేసిన కుర్రాళ్లే తర్వాత విశాఖలోనూ హైదరాబాదులోనూ ఢిల్లీలోనూ స్టార్ హోటళ్ల వంటశాలల్లో గరిట పట్టారు. ఊరు మారినా క్రీమ్ ఆఫ్ టమాటా రుచి పెద్దగా మారకపోవడానికి అది ఒక కారణం. రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ట్రేలో బ్రెడ్ స్టిక్స్‌తో వచ్చే సూప్ కూడా ఈ చెట్టు కొమ్మే. ఇష్టమైన రెస్టారెంట్ రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఆ రెస్టారెంట్ సొంతం కాదు, ఒక చదువుది. చదువు కాబట్టి నేర్చుకోవచ్చు. ఇంటివాళ్లకు ధైర్యమిచ్చే సంగతి ఇది.

ఆ చదువులో మొదటి పాఠం రూ. సమాన తూకాల వెన్న, మైదా. వెన్న కరిగాక మైదా వేసి సన్న సెగ మీద పచ్చివాసన పోయేదాకా, రంగు మారకుండా వేయిస్తారు. ఒక్కో మైదా రేణువు చుట్టూ కొవ్వు పట్టడం వల్ల తర్వాత పాలు పోసినప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకోవు, ఉండ కట్టదు. రాగి పిండిని ముందు చన్నీళ్లలో కలిపి, ఆ తర్వాత మరిగే నీళ్లలో పోసి జావ కాచే ఇల్లాలికి ఈ సూత్రం కొత్తేమీ కాదు. అక్కడ రేణువులను విడదీసేది చన్నీళ్లు, ఇక్కడ వెన్న. గోధుమ పిండిలోని గంజి పదార్థం 60 డిగ్రీల దగ్గర ఉబ్బడం మొదలుపెట్టినా పూర్తి చిక్కదనం మరుగు దగ్గరపడ్డాకే వస్తుంది. అందుకే చిక్కబడగానే పొయ్యి కట్టేసిన సూప్‌లో పిండి రుచి మిగిలిపోతుంది. సన్న సెగ మీద ఇంకో 20 నిమిషాలు ఉడకనివ్వాలి.

లీటరు ద్రవానికి 30, 35 గ్రాముల మైదా పలచటి సాస్‌కు సరిపోతుంది. కూరగాయ గుజ్జు కూడా ఉంటే ఇంకా తగ్గించవచ్చు. మైదాకు ఇంకో గుణం ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. అందులోని మాంసకృత్తుల వల్ల అది పొగమంచు రంగులో, అవతలిది కనబడనివ్వకుండా చిక్కబడుతుంది. కార్న్‌ఫ్లోర్ అచ్చమైన గంజి పదార్థం. మైదాలో దాదాపు సగం వేసినా చాలు, అంత చిక్కదనం వస్తుంది. కానీ అది గాజులా మెరుస్తుంది. కంటికి ‘క్రీమ్’ అనిపించేది ఆ మొదటి మసక రంగు. క్రీమ్ ఆఫ్ మష్రూమ్ కార్న్‌ఫ్లోర్‌తో చేస్తే నిగనిగలాడే చైనా సూప్ చుట్టరికం బయటపడుతుంది.

కార్న్‌ఫ్లోర్‌కు చోటు లేదని కాదు. ఐదు నిమిషాల్లో పని అవుతుంది, నిత్యం చేసే హోటళ్లలో చాలా చోట్ల అదే వాడతారు. కానీ పుల్లటి టమాటాలో ఎక్కువసేపు మరిగితే దాని పట్టు సడలి సూప్ నీళ్లవుతుంది. ఫంక్షన్ హాళ్లలో బఫే బల్ల మీద దీపం పైన గంటలకొద్దీ ఉన్న టమాటా సూప్ చివరి వరుసవాళ్లకు పలచగా రావడానికి ఇది ఒక కారణం. ఫ్రిజ్‌లో గడ్డకట్టించి కరిగిస్తే నీళ్లు విడిపోతాయి. ప్యాకెట్ సూప్‌లో కూడా ఎక్కువ పని కార్న్‌ఫ్లోర్, మైదాలదే. టమాటా పొడి, చక్కెర, ఉప్పు, నూనె వాటికి తోడు. జూలియస్ మగ్గీ స్విట్జర్లాండులో పప్పుధాన్యాల పొడితో సూప్ అమ్మకానికి తెచ్చింది 1886లో. ఫ్యాక్టరీ పనికి పోయే ఆడవాళ్లకు వంట తీరిక లేని కాలానికి అది సరైన జవాబు. అమెరికాలో రసాయన శాస్త్రవేత్త జాన్ డోరెన్స్ 1897లో క్యాంప్‌బెల్ కంపెనీకి నీళ్లు తగ్గించిన డబ్బా సూప్ తయారు చేసి ధర దించాడు. ఆ కంపెనీ క్రీమ్ ఆఫ్ మష్రూమ్ 1934లో వచ్చి, అక్కడి ఇళ్లలో సూప్‌గా ఎంత తాగారో కూరల్లో సాస్‌గా అంత పోశారు. ప్యాకెట్‌ను తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. అయితే ఇంట్లో హోటల్ సూప్ చేద్దామనుకున్నవాళ్లకు అది దగ్గరి దారి కాదు, వేరే ఊరికి పోయే దారి.

ఎస్కోఫియే లెక్కలో ప్యూరేలకు నిలబెట్టే శక్తి ఇచ్చే బియ్యం గురించి మనవాళ్లు ఇంకా చాలా రాయాల్సింది. ఫ్రాన్సులో క్యారెట్ సూప్‌ను పాత పద్ధతిలో బియ్యంతో ఉడికించి మెదుపుతారు. రొయ్యలు, పీతల పెంకుల రసంతో చేసే బిస్క్‌ను నిలబెట్టిందీ బియ్యమే. గుప్పెడు బియ్యం కూరగాయలతోపాటు మెత్తగా ఉడికి, మిక్సీలో తిరిగి, జల్లెడ దాటితే వచ్చే నునుపు మైదాకు ఏమాత్రం తీసిపోదు. పిండి వాసన రాదు. గోధుమ పడనివాళ్లకు బెంగ లేదు. గంజి విలువ తెలిసిన ఇళ్లలో ఈ పద్ధతి ఎందుకు వ్యాపించలేదో నాకు అర్థం కాదు. టమాటా సూప్‌కు సోనా మసూరి రెండు చెంచాలు చాలు. తీపి గుమ్మడి, క్యారెట్ సూప్‌లకైతే ఇదే అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం.

బంగాళాదుంప సంగతి వేరు. న్యూయార్క్ రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో పనిచేసిన లూయీ దియా, చిన్నప్పుడు తల్లి చేసిన లీక్, బంగాళాదుంపల సూప్‌ను 1917లో చల్లబరిచి, క్రీమ్ కలిపి విషిస్వాజ్ పేరుతో వడ్డించాడు. ఆ పేరు అతని సొంతూరికి దగ్గర్లోని విషీ పట్టణానిది. ఇంటి వంట హోటల్ వంటగా మారిన ఉదాహరణ ఇది, మనం అడుగుతున్న ప్రశ్నకు సరిగ్గా ఎదురు దిక్కు. ఇందులో జాగ్రత్త ఒక్కటే. ఉడికిన దుంపను మిక్సీలో వేగంగా తిప్పితే కణాలు పగిలి గంజి పదార్థం బయటికొచ్చి, సూప్ జిగురులా సాగుతుంది. పప్పుగుత్తితో మెదిపి జల్లెడ మీద రుద్దడమే దీనికి తగిన పద్ధతి.

జీడిపప్పుది మన పద్ధతి. నానబెట్టి వెన్నలా రుబ్బి గ్రేవీలో కలపడం ఉత్తరాది మఖనీల్లోనూ ఉంది, హైదరాబాదీ పెళ్లి విందుల్లో ముందు వచ్చే మరగ్‌లోనూ ఉంది. పొట్టేలు ఎముకల రసం, పాలు లేదా మీగడ, జీడిపప్పో బాదమో రుబ్బిన ముద్ద. క్రీమ్ సూప్ మాకు ఫ్రెంచివాళ్లు నేర్పలేదని మరగ్ తాగిన హైదరాబాదీ అంటే కాదనలేం. జీడిపప్పులో కొవ్వుతోపాటు గంజి పదార్థం కూడా చెప్పుకోదగ్గంత ఉంటుంది. అందుకే వేడి తగిలితే తనంతట తను చిక్కబడుతుంది. బాదంలో ఆ గుణం తక్కువ. పాలు మానినవాళ్లకు దీన్ని మించింది లేదు, పలాస జీడిపప్పు ఇంట్లో ఉంటే ఇంకేం కావాలి. కానీ ఇందులో తీపి, పప్పు రుచి దాగవు. క్రీమ్ ఆఫ్ టమాటా కోరి జీడిపప్పు వేస్తే వచ్చేది బటర్ మసాలా గ్రేవీకి చెల్లెలు. రుచి అద్భుతమే, కానీ అనుకున్న వంట అది కాదు.

గుడ్డు పచ్చసొన గురించి రెండు మాటలు చాలు. మన రెస్టారెంట్లలో శాకాహారుల కోసం చేసే క్రీమ్ సూప్‌లలో అది ఉండదు. ఇంట్లో వాడితే వేడి సూప్ కొద్దికొద్దిగా సొనలో కలిపి, ఆపైన దాన్ని గిన్నెలో పోయాలి. 70 డిగ్రీలు దాటితే గుడ్డు పొరటు అవుతుంది.

ఇక అందరినీ ఏడిపించే సంగతి, విరగడం. పాల పుల్లదనాన్ని పీహెచ్ లెక్కలో చెప్తే 6.6 దగ్గర ఉంటుంది. అది 4.6కి దిగితే పాలలోని కేసిన్ గడ్డకట్టి విడిపోతుంది. టమాటాది 4.2 నుంచి 4.6. పైగా వేడి తోడైతే అంత దిగకుండానే విరుగుతుంది. నిమ్మరసంతో పనీర్ చేసినప్పుడు కావాలని చేసే పనే టమాటా సూప్‌లో వద్దన్నా జరుగుతుంది.

అమెరికా ఇళ్లు ఈ గొడవతో నూరేళ్లకు పైగా కుస్తీ పట్టాయి. 1896లో వచ్చిన ఫానీ ఫార్మర్ వంట పుస్తకంలో పాలు, టమాటాలతో చేసే ఒక సూప్ ఉంది. అందులో చిటికెడు వంట సోడా టమాటాలో వేయమంటుంది. సోడా పులుపును చంపుతుంది, పాలు నిలబడతాయి. కానీ సోడా ఏమాత్రం ఎక్కువైనా సబ్బు రుచి, టమాటా ప్రాణం పోయినట్టు ఉంటుంది. లీటరుకు పావు చెంచాకు లోపే, అదీ పాలే పోయక తప్పనప్పుడు మాత్రమే. రెండో ఉపాయం ముందు పాలను మైదాతో చిక్కబరచడం. ఉబ్బిన గంజి పదార్థం కేసిన్ రేణువుల మధ్య అడ్డుపడి వాటిని కలవనివ్వదు. ఆ తెల్ల సాస్‌లోకి టమాటా రసాన్ని కొంచెం కొంచెంగా పోయాలి, టమాటాలోకి సాస్‌ను కాదు. ఆపైన మళ్లీ మరిగించకూడదు.

మూడో ఉపాయమే నాకు అన్నిటికన్నా నమ్మకమైనది: పాలు మానేసి క్రీమ్ వాడటం. కొవ్వు పెరిగేకొద్దీ ఆ ద్రవంలో కేసిన్ వాటా తగ్గుతుంది, ఉన్నదాంట్లో చాలా భాగం కొవ్వు బిందువుల చుట్టూ అతుక్కుని ఉంటుంది. విరగడానికి కావాల్సిన సరుకే తక్కువ. మన టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం. క్రీమ్ పేరుతో అమ్మేదాంట్లో కనీసం 25 శాతం ఉండాలన్నది మన ఆహార భద్రతా ప్రమాణం. కాబట్టి సగం గ్లాసు పాలు విరిగిన చోట నాలుగు చెంచాల క్రీమ్ విరగదు. ఇంట్లో పాల మీద తీసిన మీగడ వాడొచ్చా అని అడిగేవాళ్లున్నారు. వాడొచ్చు, పులవనిది అయితే. ఫ్రిజ్‌లో వారం పోగుచేసిన మీగడ అప్పటికే పులుపెక్కి ఉంటుంది, అది వెన్న తీయడానికి మంచిది, సూప్‌కు కాదు. తాజా మీగడనైనా పొరలు విడిపోయేలా కవ్వంతో గిలక్కొట్టి, జల్లెడలో వడకట్టి వేయాలి.

టమాటా విషయానికొస్తే, మన మార్కెట్లో రెండు రకాలు. నాటుది పలచటి తొక్కతో, పుల్లగా, రసం ఎక్కువగా ఉంటుంది. బెంగుళూరు టమాటా అని అడిగే కోలరకం కండ ఎక్కువ, పులుపు తక్కువ, దూర ప్రయాణానికి తట్టుకుంటుంది. చారుకు నాటుది, సూప్‌కు రెండోది అని చాలామంది అంటారు. నేను సగం సగం అంటాను. కండ రెండోదిస్తుంది, రుచి మొదటిదిస్తుంది. హోటళ్లకు ఈ బాధ ఉండదు, చాలా వంటశాలలు డబ్బా ప్యూరే కలుపుతాయి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో దాదాపు 200 రూపాయలు పలికినప్పుడు కూడా మెనూలో టమాటా సూప్ ఉండాలి కదా. ఏడాది పొడుగునా ఒకే ఎరుపు, ఒకే రుచి రావడం వెనుక ఆ డబ్బా ఉంది. ఇంట్లోనూ కిలో టమాటాకు రెండు చెంచాల ప్యూరే కలపడంలో తప్పులేదు. బీట్‌రూట్ ముక్క రంగునిస్తుంది, దాంతోపాటు మట్టి వాసననూ ఇస్తుంది. నా ఓటు క్యారెట్‌కు. రంగూ ఇస్తుంది, తీపీ ఇస్తుంది, చిక్కదనానికీ సాయపడుతుంది.

గింజలు తీసేయమని చెప్పే వంటకాలు చాలా ఉన్నాయి. అది నష్టం. టమాటాలో నోరూరించే గ్లుటమేట్ కండలో కన్నా గింజల చుట్టూ ఉండే జిగురులో ఎక్కువని 2007లో ఇంగ్లండులో చెఫ్ హెస్టన్ బ్లూమెంథాల్, రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి చేసిన పరిశోధన తేల్చింది. గింజ వద్దు, జిగురు కావాలి. అంటే గింజలతో ఉడికించి, ఉడికాక జల్లెడ పట్టాలి. టేస్టింగ్ సాల్ట్ అన్నది కూడా ఇదే గ్లుటమేట్, 1908లో జపానులో కికునే ఇకేదా సముద్రపు నాచు నుంచి విడదీసింది. వేసుకునేవాళ్లు చిటికెడు వేసుకోవచ్చు, భయపడాల్సింది లేదు. అయితే పండిన టమాటా, బాగా కాచిన ఎముకల రసం ఉన్న చోట దాని అవసరమే పడదు. శాకాహారుల ఇంట ఆ రసం స్థానంలో ఉల్లిపాయ, క్యారెట్, కొత్తిమీర కాడలు, మిరియాలు వేసి అరగంట మరిగించిన నీళ్లు పోయాలి. సెలెరీ వాసన కొత్తిమీర కాడలకు లేదు, దొరికితే సెలెరీ ఒక కాడ వేయండి, హోటల్ గుర్తుకొచ్చేది ఆ వాసనతోనే. అమెరికాలో ఉండే శాకాహార తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ కూరగాయ పేరున్న క్రీమ్ సూప్‌లో కూడా కోడి ఎముకల రసం ఉండటం మామూలే, అడిగి తెలుసుకోవాలి.

మష్రూమ్ సూప్ చెడేది పొయ్యి మీదే. పుట్టగొడుగులో 90 శాతానికి పైగా నీళ్లు. మూకుడు నిండా కుమ్మరిస్తే వేగవు, తమ నీళ్లలో తామే ఉడికి బూడిద రంగుకొస్తాయి. వెడల్పు మూకుడులో పలచగా పరిచి, పెద్ద సెగ మీద, విడతలు విడతలుగా ఎర్రగా వేయించాలి, ఉప్పు చివర్న వేయాలి. సగం మిక్సీలోకి, సగం సన్న ముక్కలుగా సూప్‌లోకి. ఈ సూప్‌కు మాత్రం పాలతో చేసిన బెషమెల్ సరిగ్గా సరిపోతుంది, విరిగించే పులుపు ఇందులో లేదు.

ఇప్పుడు ముందు చెప్పిన క్రమం సంగతి. హోటల్లో మీరు ఆర్డర్ చెప్పాక సూప్ మొదలుపెట్టరు. పొద్దున్నే పెద్ద గిన్నెలో ఉల్లి, క్యారెట్ వెన్నలో మగ్గించి, పిండి వేసి, టమాటా, రసం పోసి, ఉడికించి, మిక్సీ పట్టి, సన్నకన్ను జల్లెడలో వడకట్టి పక్కన పెడతారు. అది బేస్. అందులో క్రీమ్ ఉండదు. ఆర్డర్ వచ్చినప్పుడు ఒక గరిటెడు బేస్ చిన్న గిన్నెలో పొంగించి, సెగ తగ్గించి, క్రీమ్ వేసి, ఒక వెన్న ముక్క తిప్పి, ఉప్పు మిరియాలు సరిచూసి, వేడి కప్పులో పోస్తారు. క్రీమ్ నిప్పు మీద ఉండేది ఒక నిమిషం. దాని తాజా పాల వాసన చెక్కుచెదరదు, కొవ్వు తేలదు, విరిగే సమయమే ఉండదు. ఇంట్లో మనం అన్నీ ఒకే గిన్నెలో, ఒకే గంటలో, క్రీమ్ పోశాక ఇంకో పది నిమిషాలు మరిగిస్తాం. రెండు సూప్‌లలో పడే దినుసులు ఒకటే కావచ్చు. ఆ పది నిమిషాలు వాటిని వేరు చేస్తాయి.

వడకట్టడం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంటి వంటల్లో అందరూ దాటేసే మెట్టు ఇది. బద్ధకం వల్ల అనను, తొక్కలో పీచు ఉంది, పారేస్తే వృథా అన్న మంచి ఉద్దేశంతోనే దాటేస్తారు. పీచు కోసం అయితే ఆ పిప్పిని పప్పులో వేసుకోవచ్చు. స్టీలు జల్లెడలో గరిటె వెనుక భాగంతో గుండ్రంగా రుద్దుతూ పోతే గుజ్జంతా దిగుతుంది, తొక్క, గింజ మిగులుతాయి. జల్లెడ అడుగున అంటిన గుజ్జును గీకి కలపడం మరవకూడదు, అన్నిటికన్నా నునుపైనది అక్కడే ఉంటుంది. మిక్సీ గురించి ఒక హెచ్చరిక. మరిగే సూప్ జార్‌లో పోసి మూత బిగిస్తే ఆవిరి మూతను ఎగదన్నుతుంది, చేతులు, మొహం కాలతాయి. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, జార్ సగానికే పోయాలి. హ్యాండ్ బ్లెండర్ ఉంటే ఈ బాధ లేదు. మిక్సీ తిప్పాక టమాటా సూప్ ఎరుపు తగ్గి నారింజ రంగుకొస్తుంది. అది లోపల చేరిన గాలి బుడగల పని, కాసేపు సన్న సెగ మీద ఉంచితే రంగు మళ్లీ వస్తుంది.

కుక్కర్లో రెండు విజిల్స్ వస్తే చాలు కదా అన్నది సహజమైన ప్రశ్న. టమాటా మెత్తబడటానికి చాలు. కానీ మూసిన కుక్కర్లో నీరు ఇగరదు, ఉల్లిపాయ మగ్గిన తీపి రాదు. కుక్కర్ వాడేవాళ్లు ఉల్లి, క్యారెట్ అందులోనే వెన్నలో ముందు పది నిమిషాలు మగ్గించి, ఆపైన టమాటా వేసి మూత పెట్టి, తీశాక పావుగంట తెరిచి ఇగరబెడితే తేడా చాలా వరకు తగ్గుతుంది.

ఒక ఫలానా రెస్టారెంట్ సూప్‌నే పట్టుకోవాలనుకునేవాళ్లకు వేరే విద్య ఉంది. అమెరికాలో మిషిగన్‌కు చెందిన గ్లోరియా పిట్జర్ 1970లలో చైన్ రెస్టారెంట్ల వంటలను ఇంట్లో తిరిగి కట్టి రాస్తూ పేరు తెచ్చుకుంది. టాడ్ విల్బర్ 1993లో ‘టాప్ సీక్రెట్ రెసిపీస్’ పుస్తకం తెచ్చాడు. వాళ్ల పనిలో నేర్చుకోవాల్సింది ఒకటుంది: ఊహను పక్కనపెట్టి ఆధారం వెతకడం. కొన్ని రెస్టారెంట్లు తమ సూప్‌లను డబ్బాల్లో దుకాణాలకూ అమ్ముతాయి. లేబుల్ మీద దినుసులు తూకంలో ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది అక్కడా చట్టమే, మన దేశంలోనూ చట్టమే. క్రీమ్ కన్నా ముందు పిండి పేరుంటే ఆ సూప్ దేని మీద నిలబడిందో అర్థమైపోతుంది. లేబుల్ లేని చోట నోరే ఆధారం. కప్పు చల్లారనిచ్చి చూడండి. గట్టిపడి ముద్దయితే పిండి ఎక్కువ, పైన కొవ్వు పొర కడితే క్రీమ్, వెన్న ఎక్కువ. చెంచా వెనుక సూప్ పూతలా నిలిచి, వేలితో గీసిన గీత చెరగకపోతే రూ బాగా పడింది. పచ్చి నేల వాసన ఉంటే బీట్‌రూట్, చివర్లో తీపి మిగిలితే చక్కెర.

నలుగురికి క్రీమ్ ఆఫ్ టమాటా ఇలా చేయండి. 40 గ్రాముల వెన్నలో ఒక పెద్ద ఉల్లిపాయ, ఒక క్యారెట్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక బిర్యానీ ఆకు, అర చెంచా మిరియాలు వేసి, మూత పెట్టి, సన్న సెగ మీద ఎర్రబడకుండా పది, పన్నెండు నిమిషాలు మగ్గించండి. 25 గ్రాముల మైదా చల్లి రెండు మూడు నిమిషాలు వేయించండి. కిలో టమాటాలు నాలుగేసి ముక్కలు కోసి వేసి, రసం ఊరాక అర లీటరు కూరగాయల నీళ్లు పోసి, అరగంట మూత వారగా పెట్టి ఉడికించండి. ఆకు తీసేసి, చల్లారాక మిక్సీ, ఆపైన జల్లెడ. ఉప్పు మొత్తం సూప్ తూకంలో 0.8 శాతం దగ్గర, అంటే లీటరుకు 8 గ్రాములు, చదునుగా చెంచాన్నర. క్రీమ్ ఉప్పును కప్పేస్తుంది కాబట్టి చివరి రుచి క్రీమ్ వేశాకే చూడాలి. చక్కెర ఒక చెంచాతో మొదలుపెట్టండి. పులుపు కోస్తుంటే ఇంకో అర చెంచా. వడ్డించేటప్పుడు పొంగించి, సెగ తగ్గించి, 100 మిల్లీలీటర్ల క్రీమ్ పోసి, ఒక పొంగు రాకముందే దించండి. రొట్టె ముక్కలను వెన్నలోనో నేతిలోనో కరకరలాడేలా వేయించి, సూప్ బల్ల మీదికి వచ్చాకే అందులో వేయండి.

క్రీమ్ కలపని బేస్ మూత పెట్టిన డబ్బాలో ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటుంది. మర్నాటికి రుచి ఇంకా కలుస్తుంది. ఫ్రీజర్లో ఒక పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో పెట్టుకుంటే, టమాటా చవకైన రోజుల్లో చేసింది నెల దాటి కూడా పనికొస్తుంది. కరిగించాక కొంచెం విడిపోయినట్టు కనిపిస్తే మరిగించి ఒకసారి బ్లెండర్ తిప్పండి, మళ్లీ కలుస్తుంది. క్రీమ్ కలిపేసిన సూప్ మిగిలితే దాన్ని మర్నాడు మరిగించకుండా, అడుగంటకుండా కలుపుతూ, ఆవిరి వచ్చేదాకా మాత్రమే వేడి చేయండి.